చూపు ఖరీదు

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మన గంజాం జిల్లా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైబడిన గాలి అది. అంతకు పద్నాలుగేళ్ళ ముందు, 1999 అక్టోబరులో, రెండు వారాలు తిరక్కుండా రెండు తుపాన్లు ఒడిశాను కొట్టాయి. మొదటిది 17న గంజాం మీదకే వచ్చింది. రెండోది, 29న పారాదీప్ వైపు వచ్చిన మహాతుపాను, దాదాపు పదివేల ప్రాణాలు తీసింది. ఫైలిన్ నాటికి మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. పది లక్షలకు దగ్గరగా జనాన్ని గాలి రాకముందే కదిలించగలిగారు.

అంతమందిని ఇళ్ళు వదిలించి తీసుకెళ్ళిన ఉద్యోగుల గురించి, ఊళ్ళ పెద్దల గురించి చాలామంది రాశారు, ఇంకా రాయాలి కూడా. నేను రాయబోయేది దానికి కాస్త వెనకనున్న సంగతి. తుపాను ఫలానా చోటికి ఫలానా వేళకు వస్తుందన్న మాట ఒక లెక్కలోంచి పుడుతుంది. ఆ లెక్క ఒక్క ప్రాసెసరు చేసేది కాదు. వందలూ వేలూ ప్రాసెసర్లు ఒకేసారి, ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటూ చేసేది. తుపాను బొమ్మని టీవీలో అందరం చూశాం. ఆ బొమ్మను కన్న లెక్క నడుస్తున్నంతసేపూ దాని లోపల ఏం జరిగిందో చూసేదెవరు? చూడాలంటే ఆ ప్రోగ్రాములో కన్నెవరు పెట్టాలి? బరంపురంలో పిల్లలకు సమాంతర ప్రోగ్రామింగ్ చెప్పుకుంటూ బతుకుతున్నదాన్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు పాఠం అయిపోయాక కూడా వెంట వస్తుంది.

వాతావరణ మోడళ్ళలో వర్ఫ్ అన్నది ఒకటి. మన వాతావరణ శాఖా వాడుతుంది, ప్రపంచంలో ఎన్నో దేశాలూ వాడతాయి. అది పటాన్ని చదరపు ముక్కలుగా కోసి ఒక్కో ముక్కను ఒక్కో ప్రాసెసరుకు అప్పగిస్తుంది. ప్రతి ముక్కా తన గాలినీ తేమనూ వేడినీ లెక్క కట్టుకుని, ఒక అడుగు కాలం గడిచాక, అంచుల్లో ఉన్న విలువలను పక్క ముక్కలతో మార్చుకుంటుంది. పక్కవాడి అంచు రాకపోతే తన తర్వాతి అడుగు వేయలేదు. ఇక్కడే ఉంది చిక్కంతా. ఆకాశం నిర్మలంగా ఉన్న ముక్కకు పని తొందరగా తెములుతుంది. మబ్బులో నీటిబొట్టు ఎప్పుడు మంచు కణమవుతుంది, ఎప్పుడు వానై రాలుతుంది అన్న లెక్కలున్న ముక్కకు చాలాసేపు పడుతుంది. తుపాను ఏ ముక్క మీద కూర్చుంటే ఆ ముక్క మిగతా అందరినీ నిలబెట్టేస్తుంది. అంటే అంచనా ఆలస్యం కావడానికి కారణం, మనకు అన్నిటికన్నా అవసరమైన చోటే ఉండొచ్చు. గాలి వచ్చేలోపు పూర్తి కాని అంచనా ఎవరికీ పనికిరాదు కదా, ఆ ఎదురుచూపు నిమిషాలు గంజాం తీరంలో ఉన్నవాళ్ళ నిమిషాలే.

ప్రోగ్రాము పాఠం ఎంత చదివినా ఈ సంగతి కనబడదు. పాఠం ఒక్కటే, దాని నడకలు వేలు. మన ఊళ్ళో రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర చూసినవాళ్ళకు ఇది అర్థమవుతుంది. ఒక రాత్రి ఎన్నో వీధుల్లోంచి పులివేషాలు, డప్పులు, ఘటాలతో ఊరేగింపులు ఒకేసారి బయల్దేరతాయి. ఒక వీధిలో నిలబడ్డవాడు ఆ వీధి యాత్రే చూస్తాడు. ఏ గుంపు ఏ కూడలిలో ఏ గుంపు కోసం ఆగింది, ఆ ఆగడం వల్ల ఇంకెక్కడ జనం పేరుకుపోయారు అన్నది ఏ ఒక్క మనిషికీ తెలియదు. తెలియాలంటే ప్రతి మూలా ఒకరు నిలబడి వేళలు రాసుకోవాలి, తెల్లారాక ఆ కాగితాలన్నీ ఒకచోట పరచుకోవాలి.

సమాంతర ప్రోగ్రాముకు బొమ్మ గీయడం అంటే సరిగ్గా ఆ కాగితాలు పరచడమే. 1991 ప్రాంతంలో అమెరికాలో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో మైకేల్ హీత్, జెనిఫర్ ఎథరిడ్జ్ తయారుచేసిన పారాగ్రాఫ్ అన్న పనిముట్టు ఈ బొమ్మలకు ఒక రూపం తెచ్చింది. ఒక్కో ప్రాసెసరుకు ఒక్కో అడ్డపట్టీ, ఎడమ నుంచి కుడికి కాలం, ఒక పట్టీ మీంచి ఇంకో పట్టీకి ఏటవాలుగా పోయే గీత ఒక కబురు. తర్వాత వచ్చిన వాంపిర్ లాంటివి రంగులు దిద్దాయి. లెక్క చేస్తుంటే ఆకుపచ్చ, కబుర్లు పంపుతూనో వాటికోసం కాచుకుంటూనో ఉంటే ఎరుపు. మొదటిసారి ఈ బొమ్మ చూసిన పిల్లల ముఖాలు నాకు ఇష్టం. తమ ప్రోగ్రాము చురుగ్గా పరిగెడుతోందనుకుంటారు, తెర నిండా ఎరుపే కనిపిస్తుంది.

అయితే ఆ వేళలు రాసుకునే మనిషిని ప్రోగ్రాములో నిలబెట్టేదెవరు? మొదట్లో ప్రోగ్రాము రాసినవాళ్ళే చేత్తో నిలబెట్టేవాళ్ళు. ఈ ఫంక్షన్ మొదట్లో ఒక వరస, చివర్లో ఒక వరస, కబురు పంపేముందు ఒకటి, అందాక ఒకటి. లక్ష వరసల కోడులో ఇది చేయడం ఎంత విసుగో వేరే చెప్పక్కర్లేదు. నన్ను ఆలోచింపజేసేది విసుగు కాదు. మనిషి కన్ను పెట్టేటప్పుడు తనకు అనుమానం ఉన్నచోటే పెడతాడు. ఈ లూపు నెమ్మదిగా ఉందేమో అనుకున్నచోట గడియారం పెడతాడు, అది నెమ్మదిగానే ఉందని తేలుతుంది, సంతోషిస్తాడు. తను నమ్మినచోట, ఎప్పుడూ తప్పు జరగదనుకున్నచోట, అసలు చూడడు. తప్పులకు అంతకన్నా మంచి కాపురం ఎక్కడుంటుంది? యంత్రానికి అనుమానాలూ లేవు, నమ్మకాలూ లేవు. అన్నిచోట్లా ఒకేలా కన్ను పెడుతుంది. కన్ను పెట్టే పనిని యంత్రానికి వదలాలని నేను గట్టిగా అనేది అందుకే. శ్రమ తగ్గడం ఆ తర్వాతి మాట.

ఇందుకు వచ్చిన దారులు చాలా ఉన్నాయి, కొన్ని చాలా తెలివైనవి. 1994లో ఎంపీఐ అన్న కబుర్ల ప్రమాణం మొదటి రూపం వచ్చింది. దాన్ని రాసినవాళ్ళు ఈ అవసరాన్ని ముందే ఊహించి ప్రతి పనికీ రెండు పేర్లు పెట్టారు. ఎంపీఐ సెండ్ అని పిలిస్తే జరిగే పనే, ముందు ఒక 'పి' చేర్చి పీఎంపీఐ సెండ్ అని పిలిచినా జరుగుతుంది. పనిముట్టు చేసేవాళ్ళు మొదటి పేరుతో తమ సొంత ఫంక్షన్ రాస్తారు. అందులో గడియారం చూసి, రెండో పేరుతో అసలు పనిని పిలిచి, మళ్ళీ గడియారం చూస్తారు. లింకు చేసేటప్పుడు ఈ ఫంక్షను ముందు నిలబడితే చాలు. శాస్త్రవేత్త రాసిన ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారదు, అయినా ప్రతి కబురూ పద్దులో పడుతుంది. నాసా ఏమ్స్ కేంద్రంలో తయారైన ఎయిమ్స్ అనే వ్యవస్థ మూల కోడునే చదివి కావలసిన చోట్ల గమనించే వరసలు తానే చొప్పించేది. ఓరెగన్ విశ్వవిద్యాలయపు టావ్ కూడా ఆ పని చేస్తుంది. విస్కాన్సిన్‌లో బార్టన్ మిల్లర్ బృందం చేసిన పారడైన్ ఇంకో అడుగు వేసింది. నడుస్తున్న ప్రోగ్రాములోకే గమనించే కోడును దించి, పని అయ్యాక తీసేస్తుంది. పారడైన్ వెనకున్న ఆలోచన నాకు చాలా నచ్చుతుంది. అది మూడు ప్రశ్నలు పట్టుకుని వెతుకుతుంది: ఎందుకు నెమ్మది, ఎక్కడ నెమ్మది, ఎప్పుడు నెమ్మది. ముందు పైపైన కొన్ని చోట్ల చూసి, అనుమానం తగిలిన వైపే మరింత లోతుకు కళ్ళు దించుతుంది. ఇక్కడా అనుమానం ఉంది గానీ, అది కొలతలోంచి పుట్టిన అనుమానం.

మళ్ళీ వర్ఫ్ దగ్గరికి వస్తాను. అందులో రిజిస్ట్రీ అనే మామూలు పాఠ్య ఫైలు ఒకటుంటుంది. ప్రతి రాశికీ అందులో ఒక వరస: పేరు, రకం, ఏ దిశల్లో పరచుకుని ఉంటుంది, వగైరా. ఒక రాశి వరసలో తగిన గడిలో 'హెచ్' అన్న ఒక్క అక్షరం ఉంచితే, ఆ రాశిని లెక్క నడుస్తుండగా ఫైల్లోకి రాసే ఫోర్ట్రాన్ కోడంతా కంపైలు వేళకు దానంతటదే పుడుతుంది. ముక్కల మధ్య అంచుల మార్పిడి కోడు కూడా ఆ ఫైలులోంచే తయారవుతుంది. జాన్ మిషలేక్స్ చేసిన ఏర్పాటిది. మనం టీవీలో చూసే రంగుల పటాలకు ముడిసరుకు అలాంటి ఫైళ్ళే. గాలిని చదివినవాళ్ళు గాలి గురించే ఆలోచించాలి, వేల ప్రాసెసర్ల నుంచి విలువలు పోగుచేసి బొమ్మకు అందించే చాకిరీ వాళ్ళ నెత్తిన పడకూడదు అన్న గౌరవం ఆ ఒక్క అక్షరంలో ఉంది. మంచి ఇంజనీరింగ్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

ఇంతవరకూ చూపు లాభం చెప్పాను. దాని ఖరీదు కూడా చెప్పాలి.

"మేడమ్, ప్రింట్ పెడితే జవాబు సరిగ్గా వస్తోంది. తీసేస్తే తప్పొస్తోంది." ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు ఈ మాటతో వస్తారు, మేం వాళ్ళని ఏడిపిస్తున్నామన్నంత బాధగా. చూస్తే ఒకే ప్రోగ్రాములో ఒకేసారి సాగే నాలుగు నడకలు, అంటే త్రెడ్లు, ఒకే మొత్తానికి తమ తమ వాటాలు కలుపుతుంటాయి. ఒకటి పాత విలువ చదివి, కూడి, తిరిగి రాసేలోపు ఇంకొకటి కూడా అదే పాత విలువ చదివేస్తుంది. ఒక కూడిక గాలికి పోతుంది. మధ్యలో ప్రింట్ పెట్టగానే, తెరకు రాయడానికి త్రెడ్లు ఒకదాని వెనక ఒకటి నిలబడాల్సి వస్తుంది. ఢీకొనడం అరుదైపోతుంది. తప్పు పోలేదు, కనబడకుండా పోయింది. చూడడానికి పెట్టిన వరసే చూడాల్సినదాన్ని దాచేసింది. జేసన్ గేట్ 1986లో రాసిన ఒక వ్యాసంలో దీన్ని గమనించే కోడు ప్రభావంగా పరిశీలించాడు. ఇది కొత్త సంగతేమీ కాదు. కానీ పిల్లలు తమ చేతులతో చూసినప్పుడు వాళ్ళకో గట్టి భయం పుడుతుంది: చూసేకొద్దీ మారిపోయేదాన్ని చూడడం ఎలా?

జవాబుకి 1978కి వెళ్ళాలి. ఆ ఏడు లెస్లీ లాంపోర్ట్ ఒక వ్యాసం రాశాడు. వేర్వేరు కంప్యూటర్ల గడియారాలు ఎప్పుడూ పూర్తిగా కలవవు. వాటి వేళలను నమ్మి బొమ్మ గీస్తే, పంపకముందే చేరిపోయిన కబుర్లు కనబడతాయి, ఏటవాలు గీత వెనక్కి వంగుతుంది. ఆ తమాషాని నిజంగానే తెర మీద చూడొచ్చు. లాంపోర్ట్ అన్నది వేళల మాట పక్కన పెట్టమని. ఏది దేనికన్నా ముందు జరిగి తీరాలో అది మాత్రం పట్టుకోమన్నాడు. కబురు పంపడం అందుకోవడానికి ముందే. ఒకే ప్రాసెసరులో మొదటి పని రెండోదానికి ముందే. ఈ రెంటినీ గొలుసుగా కలుపుకుంటూ పోగా, ఏ గొలుసూ కలపలేని జంటలు కొన్ని మిగులుతాయి. వాటిలో ఏది ముందో చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఇవాళ క్లాంగ్, జీసీసీ కంపైలర్లలో త్రెడ్ శానిటైజర్ అన్న ఏర్పాటు ఉంది. ఒక ఎంపిక చేరిస్తే చాలు, జ్ఞాపకంలోంచి జరిగే ప్రతి చదువుకూ ప్రతి రాతకూ ముందు కంపైలరే ఒక పరీక్ష చొప్పిస్తుంది. ప్రోగ్రాము అయిదు నుంచి పదిహేను రెట్లు నెమ్మదిస్తుంది. ప్రింటే తప్పును దాచేస్తే, ఇంత నెమ్మదిలో తప్పు కనబడుతుందా? కనబడుతుంది, ఎందుకంటే అది ఢీకొనడం కోసం కాచుకోదు. ఒకే చోటిని రెండు త్రెడ్లు ముట్టుకున్నాయా, అందులో ఒకటైనా రాసిందా, వాటి మధ్య ముందువెనకలు తేల్చే గొలుసు ఉందా అని మాత్రం అడుగుతుంది. గొలుసు లేకపోతే, ఆ రోజు జవాబు సరిగ్గా వచ్చినా సరే, తప్పుందని చెబుతుంది. చూపు వేళలను చెదరగొట్టొచ్చు, క్రమాన్ని మాత్రం చాలావరకు చెదరగొట్టలేదు. వేగం కొలిచే చూపు, సరి చూసే చూపు వేరువేరని, వాటిని వేరువేరుగా కొనాలని నేను పిల్లలకు చెప్పడం దీని వల్లనే. గాభరాపడి వచ్చినవాళ్ళు ఈ నివేదికలో తమ వరస సంఖ్యను చూసుకుని తేలికపడతారు. నేనూ పడతాను.

వేగం కొలిచే చూపుకు ఇంకో చిక్కుంది. యంత్రం అన్నిచోట్లా కన్ను పెడుతుందన్నాను కదా, అన్నిచోట్లా చూస్తే చూసిందంతా ఎక్కడ పెట్టాలి? చిన్నచిన్న ఫంక్షన్లు కోట్లసార్లు పిలుపందుకుంటాయి. వాటి పనికన్నా వాటిని గమనించే పనే పెద్దదైపోతుంది. టావ్ దీనికి ఒక నియమం పెట్టుకుంది. ఒక ఫంక్షను లక్షసార్లకు మించి నడిచి, ఒక్కోసారికి పది మైక్రోసెకన్లకన్నా తక్కువ తీసుకుంటే, మనం వద్దనకపోతే దాన్ని గమనించడం మానేస్తుంది. వేగం లెక్కకు ఇది సరైన నియమమే, నేనూ వాడతాను. కానీ మనసులో ఎక్కడో కలుక్కుమంటుంది. అన్నిటికన్నా ఎక్కువసార్లు పనిచేసేవాడు, తక్కువ కాలం తీసుకుంటాడు కాబట్టి, పద్దులోంచి జారిపోతున్నాడు. వాడి కాలమంతా వాణ్ణి పిలిచినవాడి పద్దులో పడుతుంది. అందుకని ఆ రెండు అంకెలూ ఎవరో పెట్టినవని, మార్చుకోవచ్చని, ఏ అంకె పెట్టినా ఎవరో ఒకరు కనబడకుండా పోతారని తెలిసి వాడాలి. కన్ను పెట్టడం యంత్రానికి వదిలినా, ఏది వదిలెయ్యాలన్న నిర్ణయం తిరిగి తిరిగి మనిషి దగ్గరికే వస్తుంది.

పెద్ద యంత్రాల్లో ఇది మరీ పదునెక్కింది. 1986లో బెంగళూరు జాతీయ వైమానిక ప్రయోగశాలలో ఫ్లోసాల్వర్‌తో మన దేశపు సమాంతర కంప్యూటర్ల కథ మొదలైంది. 1991లో పుణెలోని సీ-డాక్ సంస్థ పరమ్ 8000ని చూపించింది. 2018లో వాతావరణం కోసమే పుణెలో ప్రత్యూష్, నోయిడాలో మిహిర్ వచ్చాయి. ఒకటి నాలుగు పెటాఫ్లాప్‌లు, ఒకటి 2.8. పెటాఫ్లాప్ అంటే సెకనుకు పది కోట్ల కోట్ల లెక్కలు. 2024లో వాటిని మించిన అర్క, అరుణిక వచ్చాయి. లెక్కించే వేగం ఇంత పెరిగినా, లెక్కించినదాన్ని డిస్కు మీదకు రాసే వేగం అంత పెరగలేదు. మొత్తం రాసి, తర్వాత తీరిగ్గా బొమ్మ గీసుకునే రోజులు పెద్ద లెక్కలకు అయిపోతున్నాయి. లెక్క నడుస్తున్న చోటే, విలువలు ఇంకా జ్ఞాపకంలో ఉండగానే బొమ్మ గీసేసి, బొమ్మను మాత్రం దాచుకోవడం ఇప్పటి పద్ధతి. బొమ్మలు గీసే పనిముట్లయిన పారావ్యూకు కెటలిస్ట్, విజిట్‌కు లిబ్‌సిమ్ ఇందుకే పుట్టాయి. కానీ గీసిన బొమ్మ మిగులుతుంది, గీయని కోణం పోతుంది. తుపాను కన్నును పైనుంచి గీసి, సముద్రం నుంచి లేచిన తేమను పక్కనుంచి గీయమని ముందే చెప్పకపోతే, ఆ తేమ మళ్ళీ లెక్క నడిపితే తప్ప దొరకదు. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా పత్రికలు పెటాఫ్లాప్‌లు అచ్చువేస్తాయి. అందులో ఎంత భాగం కాచుకోవడంలో గడిచింది, ఎన్ని బొమ్మలు గీయకుండా వదిలేశారు అన్నది కూడా అచ్చు కావాలని నా కోరిక. అది ప్రజల డబ్బుతో నడిచే చూపు. మా గంజాం వాళ్ళకు అందులో ప్రాణాలతో ముడిపడ్డ వాటా ఉంది.

ఈ పనిముట్లలో చాలా వాటికి డబ్బు కట్టక్కర్లేదు. టావ్, దానిలాంటిదే అయిన స్కోర్-పి, త్రెడ్ శానిటైజర్ నాలుగు కోర్ల మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తాయి. అయినా చాలా చోట్ల సమాంతర ప్రోగ్రామింగు పాఠం, ప్రోగ్రాము ఎంత వేగంగా నడిచిందో ఒక పట్టికలో వేయడంతో ముగిసిపోతుంది. పిల్లలు తమ ప్రోగ్రాము లోపలి నడకను ఒక్కసారైనా చూడకుండానే డిగ్రీ అందుకుంటారు. ఇది నాకు బొత్తిగా మింగుడుపడదు.

మా దగ్గర ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రోగ్రాము నడపకముందు కాగితం మీద నాలుగు పట్టీలు గీయాలి, ఎక్కడ పని, ఎక్కడ ఎదురుచూపు ఉంటుందనుకుంటున్నారో రంగువేయాలి. ఆ తర్వాతే పనిముట్టు గీసిన బొమ్మ తెరవాలి. ఒక జట్టు గంజాం పటాన్ని నాలుగు నిలువు చీలికలుగా కోసి, చిన్న వాన లెక్క రాసింది. కాగితం మీద నాలుగు పట్టీలూ సమానంగా ఆకుపచ్చ. తెర మీద తీరం ఉన్న చీలిక ఒక్కటే ఆకుపచ్చ, మిగతా మూడూ ముప్పాతిక వంతు ఎరుపు. వాళ్ళు పెట్టిన వానంతా తీరం మీదే ఉంది మరి. తీరాన్ని సన్నగా, లోపలి భాగాన్ని వెడల్పుగా మళ్ళీ కోశారు. ఎరుపు బాగా తగ్గింది. అంతలో వాళ్ళలోనే ఒకమ్మాయి, "మేడమ్, వాన లోపలికి జరిగితే? మళ్ళీ మనమే కొయ్యాలా?" అంది.

మనం కొయ్యక్కర్లేదని చెప్పాను. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో లక్ష్మీకాంత్ కాలే బృందం చేసిన చార్మ్++ అనే వ్యవస్థ తన నడకను తానే కొలుచుకుంటూ, బరువెక్కిన చోటు నుంచి పనిని తేలికగా ఉన్న ప్రాసెసరుకు తరలిస్తుంది. కన్ను పెట్టిన యంత్రమే, తను చూసినదాన్ని బట్టి పటాన్ని మళ్ళీ పంచుకుంటుంది. వచ్చేవారం ఆ వాననే దాని మీద కదిలిద్దామని అనుకున్నాం.